సంశయము, విపర్యయము: ఒక దోషాన్వేషణ



మా నాన్నగారి ఆబ్దికానికి కొత్తకోట వెళ్ళిన రోజుల్లో జరిగిన ఒక విషయాన్ని ఈసారి నివేదిస్తున్నాను. ఇది నా వృత్తికి సంబంధించినది. సాధకులకు దీనితో ఏమి పని అని కొందరికి తోచవచ్చు. కాని అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అయథార్థానుభవాన్ని విభజించిన తీరు నాకు గ్రంథంలో కంటె ఒక కంప్యూటర్ లాగ్‌లో స్పష్టంగా బోధపడింది. అది బోధపడే లోపల నిరపరాధి అయిన ఒక అమ్మాయిని నలుగురి ఎదుట నిందించాను. కనుక ఈ వ్యాసంలో కొంత ప్రాయశ్చిత్తం కూడా ఉన్నది.

నేను పనిచేసేది, ఒకదాని భాష మరొకదానికి తెలియని కంప్యూటర్ వ్యవస్థల మధ్య సందేశాలను చేరవేసే మిడిల్‌వేర్ విభాగంలో. ఈ మాట కొత్తగా ఉన్నవారు మీసేవ కేంద్రాన్ని తలచుకోవచ్చు. 2011లో ఆరంభమైన ఆ వ్యవస్థలో మనం ఒకే కిటికీ దగ్గర నిలబడి దరఖాస్తు ఇస్తాము. దాని వెనుక శాఖలు అనేకం, ఒక్కొక్క శాఖది ఒక్కొక్క పద్ధతి. ఇక్కడ చెప్పిన మాట అక్కడికి తగిన రూపంలో చేరాలంటే నడుమ ఒక వాహకం ఉండాలి. గ్రెగర్ హోపే, బాబీ వూల్ఫ్ అనే ఇద్దరు 2003లో ఇటువంటి వాహకాల నిర్మాణరీతులను 65గా వర్గీకరించి గ్రంథస్థం చేశారు. 2007లో వెలువడిన అపాచీ క్యామెల్ ఆ రీతులను ఆచరణలోకి తెచ్చిన ఉపకరణం. మా పని దానితోనే, స్ప్రింగ్ అనే చట్రం లోపల.

స్ప్రింగ్‌కు ప్రాణం డిపెండెన్సీ ఇంజెక్షన్. రాడ్ జాన్సన్ 2002లో ప్రచురించిన పుస్తకంలోని కోడ్ నుండి ఆ చట్రం పుట్టింది. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ ఒక వ్యాసంలో ఈ పద్ధతికి ఆ పేరును స్థిరపరచాడు. ఆ మార్చిలో స్ప్రింగ్ 1.0 వచ్చింది. భావం సరళమైనది. ఒక భాగం తనకు కావలసిన ఇతర భాగాలను తాను వెదకదు, తాను సృష్టించుకోదు. ‘ఈ జాతికి చెందినది ఒకటి నాకు కావాలి’ అని ప్రకటించి ఊరుకుంటుంది. కంటెయినర్ అనే వ్యవస్థ ఆరంభంలోనే ఈ భాగాలనన్నిటినీ సృష్టించి, ఎవరికి కావలసినది వారికి అందిస్తుంది. ఈ భాగాలను బీన్‌లు అంటారు.

తర్కసంగ్రహంలో కారణత్రయానికి చెప్పిన ఉదాహరణ వస్త్రం. దారాలు సమవాయికారణం; దారాల పరస్పర సంయోగం అసమవాయికారణం; మగ్గం, నాడె మొదలైనవి నిమిత్తకారణం. మగ్గాల ఊరిలో పుట్టినవాడిని గనుక ఈ ఉదాహరణ నాకు వేరే వివరించనక్కరలేదు. ఆ లెక్కన బీన్‌లు దారాలు, వాటి కూర్పు సంయోగం, కంటెయినర్ మగ్గం.

ఇక్కడ ఒక పాత తప్పును ఒప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రితం ఒక సత్సంగంలో నేను కంటెయినర్‌ను ఈశ్వరునితో పోల్చి ప్రసంగించాను. అనన్యచింతకుల యోగక్షేమాలను భగవానుడే వహిస్తాడని గీత తొమ్మిదవ అధ్యాయంలో చెప్పినట్లే, బీన్ ఏమీ వెదకకుండా శరణాగతుడై ఉంటే కంటెయినర్ అన్నీ సమకూరుస్తుందని వర్ణించాను. శ్రోతలు చాలా సంతోషించారు, నేనూ సంతోషించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు కలుగుతుంది. కంటెయినర్ జడం. జడమైనదానికి స్వయంగా రచనాసామర్థ్యం పొసగదని బ్రహ్మసూత్రాలలో రెండవ అధ్యాయపు రెండవ పాదం సాంఖ్యుల ప్రధానవాదాన్ని ఖండిస్తూ ఆరంభమవుతుంది. ఆ అధికరణాన్ని పాఠంగా విన్నవాడినే, జడమైన మగ్గాన్ని నేతగాడుగా చూపించాను. ఆ పోలికలో ఒక సౌకర్యం ఉంది: కూర్పులో దోషం కనబడితే ‘కంటెయినర్ అలా ఇచ్చింది’ అని తప్పించుకోవచ్చు.

ఇక జరిగిన సంగతి. ఆబ్దికానికి రెండు రోజుల ముందు కొత్తకోటలో బస్సు దిగాను. హైదరాబాదు నుండి బెంగళూరు వెళ్ళే జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. ఇప్పుడు దాని సంఖ్య 44, మా చిన్నతనంలో 7. ఊరు కూడా అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది, 2016 నుండి వనపర్తి జిల్లాలోనిది. సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటుతుండగా కార్యాలయం నుండి ఫోను వచ్చింది.

ఆసుపత్రులకు ఔషధ సామగ్రిని సరఫరా చేసే ఒక సంస్థకు మేము సందేశవాహకం నిర్మించి ఇచ్చాము. ఆసుపత్రుల ఆర్డర్లు మా మార్గం గుండా గిడ్డంగికి చేరాలి. మూడు రోజులుగా కొన్ని ఆర్డర్లు చేరడం లేదు. అన్నీ కాదు, కొన్ని. ఒక ఆసుపత్రి స్టోర్‌కీపర్, డయాలిసిస్ సామగ్రి ఇక రెండు రోజులకే సరిపోతుందని, తాను ఆర్డరు పెట్టి మూడు రోజులైందని చెప్పాడట. ఆ ఒక్కదానిని అప్పటికప్పుడు ఫోను మీద తీసుకుని వాహనంలో పంపించారు. మిగిలినవి ఎన్నో, ఎవరివో తెలియదు. మా లాగ్‌లో ప్రతి ఆర్డరు పక్కనా ‘పంపబడింది’ అనే ఉంది. ఎక్కడా ఒక్క దోషసూచన లేదు.

మొదట నెట్‌వర్క్‌ను అనుమానించాము, సహజంగానే. అది గంటలో తేలిపోయింది. తరువాత ఒక సహోద్యోగి, పంపే భాగమూ మళ్ళీ ప్రయత్నించే భాగమూ ఒకదానినొకటి ఆశ్రయిస్తున్నాయేమో అన్నాడు. నైయాయికులు ఎన్నడో లెక్కించిన దోషాలే ఇవి: తనను తానే ఆశ్రయిస్తే ఆత్మాశ్రయం, రెండు పరస్పరం ఆశ్రయిస్తే అన్యోన్యాశ్రయం, మూడు చుట్టు తిరిగి వస్తే చక్రకం, అంతులేకుండా పోతే అనవస్థ. స్ప్రింగ్ బూట్ 2021 నవంబరులో వచ్చిన 2.6 నుండి అన్యోన్యాశ్రయాన్ని సహజంగా అంగీకరించదు. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అటువంటి వ్యవస్థ ఆరంభమే కాదు. మేము అనుమతించలేదు, వ్యవస్థ ఆరంభమై నడుస్తూనే ఉన్నది. కనుక అదీ కాదు.

సాయంత్రం ఫోనులోనే సమావేశం జరిగింది. చివరి మార్పు ఎవరిదని పైవారు అడిగారు. సరఫరాదారు కొత్త గిడ్డంగి తెరిచినందున, ఆ చిరునామాకు పంపే కొత్త బీన్‌ను అంతకు ముందు వారం చేర్చినది మా బృందంలోని ఒక అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. ఇంకా ప్రొబేషన్ ముగియలేదు. ‘ఆ మార్పు తరువాతనే ఇది మొదలైంది, దోషం అందులోనే ఉంటుంది’ అని నేను అన్నాను. కుండ పుట్టడానికి ముందు మట్టిని మోసిన గాడిద ఉన్నంత మాత్రాన అది కుండకు కారణం కాదని, అది అన్యథాసిద్ధమని పిల్లలకు పాఠం చెప్పే మనిషిని. పూర్వవర్తి అయినంత మాత్రాన కారణమని తీర్మానించాను. ఆమె వాదించలేదు. ‘మళ్ళీ చూస్తాను సార్’ అన్నది.

మా ఇంటి మగ్గం నాన్నగారితోనే ఆగిపోయింది. అమ్మ మాత్రం ఇంకా పొరుగువారి మగ్గాలకు పోగులు అతికి ఇస్తుంది. తెలియనివారికి: మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుండగా, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాత పోగుల కొసలకు మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఏ పోగు ఏ పోగుకు చేరాలో ఆ వరుస తప్పకూడదు. ఒక్కటి మారినా అతికేటప్పుడు తెలియదు. మూరెడు నేసిన తరువాత అంచులో కనబడుతుంది. గద్వాల చీరలలో నూలు ఒడలికి పట్టు అంచును కలిపే పనివాళ్ళకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. భిన్నజాతుల సంధానంలో ఉన్న కష్టం నా ఉద్యోగంలో ఎంతో వారి పనిలోనూ అంతే, జీతం మాత్రం అంత కాదు.

ఆ రాత్రి నేను లాప్‌టాప్ ముందు, అమ్మ పొరుగింటి పడుగు ముందు. కొంతసేపటికి ఆమె చేయి ఆగింది. రెండు పోగులు ఒకేసారి వేళ్ళకు వచ్చాయి. రెండూ ఒకే రంగు, ఒకే నంబరు నూలు. ఏదో ఒకటి అతికితే ఏమని అడిగాను.

“రెండు ఒక్కతీరుగనె ఉన్నయి బిడ్డా. ఒక్కతీరున్నయని ఏది దొరికితె అది అతుకుతమా? అనుమానమొచ్చినకాడ చెయ్యి ఆపాలె.”

అని, కర్రల దగ్గర పోగులు ఒకదానినొకటి దాటే చోటికి వెళ్ళి, అక్కడి వరుసను బట్టి ఏది ముందుదో తేల్చుకుని వచ్చి అతికింది. దానికి ఐదు నిమిషాలు పట్టింది.

‘ఒక్కతీరు’ అన్న మాట నన్ను పట్టుకుంది. మా వ్యవస్థలో ఇప్పుడు పంపే బీన్‌లు రెండు ఉన్నాయి, పాత గిడ్డంగికి ఒకటి, కొత్తదానికి ఒకటి. రెండిటి జాతి ఒకటే. జాతిని మాత్రమే చెప్పి కోరితే కంటెయినర్‌కు రెండూ అర్హమైనవే. అటువంటప్పుడు అది ఆరంభంలోనే ఆగిపోయి, ‘నో యూనిక్ బీన్ డెఫినిషన్’ అని ప్రకటించాలి: ఒకటి అడిగితే రెండు దొరికాయి, ఏది ఇవ్వాలో తెలియదు అని దాని అర్థం. అలా ప్రకటించలేదు. ఎందుకు?

పరీక్షల సర్వర్‌లో డీబగ్ స్థాయి లాగ్‌ను తెరిచి, కంటెయినర్ ఏ బీన్‌ను ఏ బీన్‌కు అందించినదో చెప్పే పంక్తులు ఒక్కొక్కటే చదివాను. యాక్చుయేటర్ ఇచ్చే బీన్‌ల పట్టికతో సరిచూశాను. విషయం బయటపడింది. కొత్త ఆర్డర్లు వెళ్ళే క్యామెల్ మార్గంలో పంపే బీన్‌ను పేరుతో పిలిచారు. అక్కడ కొత్త బీనే పనిచేస్తున్నది. మొదటి ప్రయత్నంలో విఫలమైన ఆర్డర్లను మళ్ళీ పంపే భాగం మాత్రం జాతిని బట్టి కోరుతున్నది. దానికి పాత బీన్ అందింది. కనుక తొలిసారి చేరిన ఆర్డరు క్షేమం. ఒక్కసారి తడబడిన ఆర్డరు పాత చిరునామాకు. అక్కడి యంత్రం ఇంకా నడుస్తూనే ఉంది, వచ్చినదానినల్లా ‘అందినది’ అని స్వీకరిస్తుంది. చదివే మనిషి లేడు.

పాత బీన్‌ను కంటెయినర్ సందేహం లేకుండా ఎంచుకోవడానికి కారణం దాని నెత్తిన ఉన్న ‘ప్రైమరీ’ అనే గుర్తు. సమానార్హత గలవి అనేకం ఉన్నప్పుడు దీనికే ప్రాధాన్యం అని ఆ గుర్తు అర్థం. ఆ పంక్తిని ఎవరు రాశారో చూపమని గిట్‌ను అడిగాను. ఆ ఆజ్ఞ పేరు ‘బ్లేమ్’, అంటే నింద. నా పేరే చూపింది. తేదీ రెండు సంవత్సరాల కిందటిది, వేళ రాత్రి పదకొండున్నర.

జ్ఞాపకం వచ్చింది. ఆ రాత్రి పరీక్షల కోసం అదే జాతికి చెందిన మరొక బీన్‌ను చేర్చాను. కంటెయినర్ ఆగిపోయి, రెండు ఉన్నాయి, ఏది అని అడిగింది. మరునాటి ఉదయానికి వ్యవస్థ నడవాలి. అడిగిన ప్రతి చోటా ఏది కావాలో ఆలోచించి పేరు చెప్పడానికి బదులు, ఉన్నదాని మీద ప్రైమరీ గుర్తు పెట్టాను. ప్రశ్న ఆగింది, వ్యవస్థ నడిచింది, నేను నిద్రపోయాను. తరువాత ఆ పరీక్ష బీన్‌ను తొలగించాము కూడా. గుర్తును మాత్రం ఎవరూ తీయలేదు.

ఆ అమ్మాయి చేసినది చూస్తే మరింత బాధ కలిగింది. మళ్ళీ పంపే భాగంలో ఆమె తాను కోరే బీన్ పేరునే పరామితికి పెట్టింది. ప్రైమరీ గుర్తు లేనట్లయితే, జాతి ఒకటైనప్పుడు స్ప్రింగ్ చివరకు పరామితి పేరును చూస్తుంది. ఆ పేరుతో బీన్ ఉంటే దానినే ఇస్తుంది. అంటే ఆమె రాసినది రాసినట్లే సరిగా పనిచేసి ఉండేది. నా గుర్తు పేరు కంటె బలవత్తరం కనుక ఆమె చెప్పిన మాట వినబడలేదు.

అన్నంభట్టు అయథార్థానుభవాన్ని సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా చెప్పాడు. దూరాన ఉన్నది మోడా, మనిషా అని ఒకే వస్తువు మీద విరుద్ధ ధర్మాలు తోచడం సంశయం. ముత్యపుచిప్పను వెండి అని నిశ్చయించుకోవడం విపర్యయం. రెండూ యథార్థాలు కావు గనుక రెండిటినీ ఒక గాటకట్టి, సంశయం కంటె నిశ్చయం ఏ రూపంలోనైనా ఒక మెట్టు పైన అని నేను చాలాకాలం భావించాను. ఆ భావన తప్పు. గౌతముని న్యాయసూత్రాలలో మొదటి సూత్రమే పదహారు పదార్థాలను పేర్కొంటూ, ప్రమాణ ప్రమేయాల వెంటనే సంశయాన్ని మూడవదిగా నిలిపింది. బొత్తిగా తెలియనిదాని మీద గాని, తేలిపోయినదాని మీద గాని న్యాయం ప్రవర్తించదని, సందిగ్ధమైనదాని మీదనే ప్రవర్తిస్తుందని వాత్స్యాయన భాష్యం వివరిస్తుంది. సంశయగ్రస్తుడు నిలబడి కళ్ళు నులుముకుని చూస్తాడు. వెండి అని నిశ్చయించుకున్నవాడు వంగి ఏరుకోవడానికి పోతాడు. చూడడు, ఎందుకంటే చూడవలసిన అవసరం అతనికి తోచదు.

కంటెయినర్ ఆ రాత్రి సంశయంలో ఉన్నది. జడమైనదానికి సంశయమేమిటి అని పండితులు ఆక్షేపించవచ్చు. సరే, అది ఉపచారం. నేను దానికి జ్ఞానం ఇవ్వలేదు, విపర్యయాన్ని ఇచ్చాను.

సంశయాత్ముడు నశిస్తాడని గీత నాలుగవ అధ్యాయం చెప్పిందే అని కొందరు అడుగుతారు. నేనూ ఆ మాటను పట్టుకుని చాలామంది జిజ్ఞాసువుల ప్రశ్నలను ఆపాను. కాని ఆ అధ్యాయం అక్కడ ముగియలేదు. సంశయాన్ని దేనితో ఛేదించాలో చివరి శ్లోకం చెబుతుంది: జ్ఞానమనే ఖడ్గంతో. తొందరతో అనలేదు, అధికారంతో అనలేదు. సత్సంగాలలో ఎవరైనా లేచి కర్మ గురించో, దుఃఖం గురించో కఠినమైన ప్రశ్న అడిగినప్పుడు ‘శ్రద్ధ లేదు నీకు’ అని కూర్చోబెట్టిన సందర్భాలు నాకు ఆ రాత్రి వరుసగా గుర్తుకు వచ్చాయి. అవన్నీ ప్రైమరీ గుర్తులే.

అప్పటికి రాత్రి రెండయింది. పరీక్షల సర్వర్‌లో ఆ గుర్తును తీసివేసి వ్యవస్థను ఆరంభించాను. మళ్ళీ పంపే భాగం పేరును బట్టి కొత్త బీన్‌ను పొందింది. తరువాత ఒక చోట కంటెయినర్ ఆగింది: రెండు ఉన్నాయి, ఏది? లెక్కల నివేదికలు పంపే భాగం అది; పరిశీలిస్తే పాత చిరునామాయే సరైనది. క్వాలిఫయర్‌తో పేరు స్పష్టంగా రాశాను. మళ్ళీ ఆరంభించాను. మరొక చోట ఆగింది. ఆసుపత్రులు తిప్పి పంపే సామగ్రి సమాచారాన్ని గిడ్డంగికి తెలిపే భాగం. దానిని రాసినవారు ఉద్యోగం విడిచి వెళ్ళారు. పాతదానికా, కొత్తదానికా, కోడ్‌లో ఎక్కడా లేదు. రెండు సంవత్సరాలుగా అక్కడ ఒక ప్రశ్న ఉన్నదనే మాకు తెలియదు.

దానిని అలాగే ఉంచి, మళ్ళీ పంపే భాగానికి మాత్రం క్వాలిఫయర్‌తో కొత్త బీన్ పేరు రాసి, ఆ ఒక్క మార్పును అసలు సర్వర్‌కు పంపాను. పాత చిరునామాలో పడి ఉన్న ఆర్డర్లు 17. తెల్లవారేలోగా అవి కొత్త గిడ్డంగికి చేరాయి. తరువాత బృందానికంతటికీ ఉత్తరం రాశాను: గుర్తు ఎవరిది, ఏ తేదీది, ఎందుకు పెట్టాను, ఆమె రాసినదాంట్లో దోషం ఎందుకు లేదు. సమావేశంలో ఉన్న పైవారందరి పేర్లూ చేర్చాను. పంపే మీట నొక్కడానికి, చెప్పడానికి సంకోచంగా ఉంది గాని, కోడ్ సరిచేయడానికి పట్టినంత సేపు పట్టింది.

ఆబ్దికం రోజు ఉదయం స్నానం చేసి, పురోహితులు రావడానికి ముందు ఆ అమ్మాయికి ఫోను చేశాను. తప్పు నాదని, అందరి ముందూ అన్నందుకు క్షమించమని చెప్పాను. కొంతసేపు మాట లేదు.

“పేరు సరిగ్గానే పెట్టాను కదా అని రాత్రంతా చూసుకున్నాను సార్. నాకు ఇంజెక్షన్ అర్థం కాలేదేమో అనుకున్నాను.”

అర్థమైనది ఆమెకే, మరచినది నేను అన్నాను. ‘సరే సార్’ అన్నది. ఆ ‘సరే’లో ఎంత సరే ఉందో నాకు తెలియదు, అడగలేదు.

పురోహితులు వచ్చి కూర్చోబెట్టి, దర్భ ఇచ్చి, మాటిమాటికీ ‘కర్త ఇటు తిరగాలి, కర్త నీరు వదలాలి’ అంటున్నారు. ఆ పదం వినబడిన ప్రతిసారీ గిట్ చూపిన పంక్తి కళ్ళ ముందు మెదిలింది.

భోజనాలు అయిన తరువాత సరఫరాదారు కార్యాలయానికి ఫోను చేసి, ఆసుపత్రులు తిప్పి పంపే సామగ్రి వార్త ఏ గిడ్డంగికి చేరాలని అడిగాను. ఆ ప్రశ్న తమను ఇంతవరకు ఎవరూ అడగలేదని, కనుక్కుని చెబుతామని అన్నారు. పరీక్షల సర్వర్ ఆ ఒక్క చోటనే ఆగి ఉన్నది. లోపల అమ్మ మళ్ళీ పడుగు ముందు కూర్చుంది. నేను లాప్‌టాప్ మూసి, వాళ్ళ ఫోను కోసం కూర్చున్నాను.